కిటికీ వైపు చూసిన సాక్షి

ప్లమ్ క్రీక్
3 అక్టోబరు 1971, ఆదివారం

సలోమా అత్తకి,

ప్రభువు పేరిట సవిల్లా పలకరింపులు. ఇక్కడ పొద్దున్నే మంచు, మధ్యాహ్నానికి చెమట. మొక్కజొన్న సగం కోశాం. ఎర్రావు ఈనింది, దూడ నల్లగా ఉంది. ఈ ఆదివారం ప్రార్థన కూటం లేదు కాబట్టి అందరూ చుట్టాలిళ్ళకి వెళ్ళారు. నేను తలనొప్పి అని చెప్పి ఉండిపోయాను. తలనొప్పి కొంచెం నిజమే.

నాన్న జైలు నుంచి వచ్చేశారు. మీ ఎనోస్ అన్నయ్య జైలుకెళ్ళడమేంటని కంగారుపడకు. ఎనిమిదో తరగతి అయ్యాక నన్ను పట్నంలో హైస్కూలుకి పంపలేదని కేసు పెట్టారు కదా. పదహారేళ్ళు నిండేదాకా బడికి పంపాలని వాళ్ళ చట్టం. కార్లూ కరెంటూ ముట్టని మన ఆమిష్ సంఘం వాళ్ళకి ఎనిమిదితో సరి. జరిమానా వేస్తే, కడితే తప్పు చేశానని ఒప్పుకున్నట్టేనని నాన్న కట్టలేదు. వారం రోజులు ఇరుగుపొరుగు వాళ్ళే మా ఆవుల పాలు పితికారు. ఇంటికొచ్చాక నాన్న అన్న మొదటి మాట, "అక్కడ కాఫీ మరీ నీళ్ళు" అని. అంతే. ఆ తర్వాత జైలు ఊసే ఎత్తలేదు.

మనవాళ్ళు తమ కోసం తాము కోర్టుకెక్కరు కదా. అందుకని హాల్‌స్టెడ్ అనే వకీలు గారు, మన సంఘం బయటి ఇంగ్లీషువాళ్ళాయన, కారులో వచ్చి, "మీరేం ఎక్కక్కర్లేదండీ, మీ తరఫున మేం ఎక్కుతాం" అన్నారు. బిషప్ టోబియాస్ గారు చాలాసేపు గడ్డం నిమురుకున్నారు. సరేననలేదు, వద్దనీ అనలేదు. వకీలు గారు దాన్నే సరేనని తీసుకుని సంబరంగా వెళ్ళిపోయారు.

నవంబరులో నన్ను కూడా సాక్షిగా పిలుస్తారట అత్తా. నేనేం చెప్పాలి?

నీకొక మాట చెప్తాను, ఎవరితోనూ అనకు. మన బడి పుస్తకంలో మేఘాల గురించి ఒక పేజీ ఉంది. చేపపొలుసుల్లా ఉండే మేఘానికి ఒక పేరు, దూదిలా ఉండేదానికి ఒక పేరు. ఆ తర్వాత ఇంకేం రాశారో అని పేజీ తిప్పితే పత్తి పంట వచ్చింది. మేఘాలు అక్కడితో అయిపోయాయి. అప్పటినుంచి పాలు పితుకుతున్నా, బట్టలారేస్తున్నా, ఆ తిప్పని పేజీ ఎక్కడో ఉందనిపిస్తుంది. పట్నం బడిలో ఉందేమో.

అమ్మ బండి చప్పుడు వినిపిస్తోంది. ఉంటాను.

నీ మేనకోడలు,
సవిల్లా

*

చికాగో
12 అక్టోబరు 1971

సవిల్లా తల్లీ,

నీ ఉత్తరం చదివి నిలబడ్డ చోటే కూర్చుండిపోయాను. మా అన్నయ్య జైల్లో! చిన్నప్పుడు పక్కవాళ్ళ తోటలో ఆపిల్ పండు కింద పడితే, తియ్యకుండా చుట్టూ తిరిగి వెళ్ళినవాడు. నీళ్ళ కాఫీ అన్నాడా? అంటే బాగా ఏడ్చుంటాడు. నాకు తెలుసు వాడి సంగతి.

నేను బాగానే ఉన్నాను. టెలిఫోన్ ఆఫీసులో పగలంతా వైర్లు గుచ్చి ఊరికీ ఊరికీ మాట కలుపుతాను. అలబామాలో తల్లి, డెట్రాయిట్‌లో కొడుకు, మధ్యలో నేను. మీ ఇంటికి మాత్రం గుచ్చుదామంటే కన్నం లేదు. పంతొమ్మిదో ఏట, సంఘంలో ఉంటానని మాటిచ్చే బాప్తిస్మానికి ముందే ఇల్లొదిలాను కాబట్టి నన్ను వెలివెయ్యలేదు, కనీసం ఈ ఉత్తరాలైనా నడుస్తున్నాయి. అదే పదివేలు.

ఇక నీ ప్రశ్న. పిచ్చిపిల్లా, ఇంకేం చెప్తావ్? నిజం చెప్పు. బడికి వెళ్ళాలనుందని చెప్పు. డాక్టరు కావాలనుందని చెప్పు. ఈ దేశంలో చట్టం పుస్తకంలో పుడుతుందే కానీ పెరిగేది కోర్టులోనే. ఎవరో ఒక రైతు, ఎవరో ఒక బడిపిల్ల వెళ్ళి నిలబడతారు, జడ్జి ఒక మాటంటాడు, మర్నాటి నుంచి ఆ మాట ముక్కూమొహం తెలియని వాళ్ళందరిదీ అవుతుంది. నా పక్క కుర్చీలో డొలోరెస్ అని నల్లమ్మాయి కూర్చుంటుంది. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో తెల్లపిల్లల బడి గడప తొక్కనివ్వలేదు. తెల్లపిల్లలకీ నల్లపిల్లలకీ బడి ఒకటేనని పెద్దకోర్టు అన్నాక వాళ్ళ చెల్లెలు అదే గడప దాటింది. "మేం పుట్టడంలో తేడా మూడేళ్ళే, దేశాలే వేరు" అంటుంది.

అందుకని జడ్జి ముందు గొంతు విప్పు. నేను నీ వయసులో నోరు తెరిచుంటే నా కథ ఇంకోలా ఉండేది. నీ తరఫున ఇంకొకళ్ళు మాట్లాడే అవకాశం ఇవ్వకు.

మీ అమ్మ చేసే గుమ్మడికాయ పై, ఆ తీపి రొట్టె, తినాలని ప్రాణం కొట్టుకుంటోంది. ఇక్కడ హోటల్లో పెట్టేది అట్టముక్క.

ప్రేమతో,
మీ అత్త

*

ప్లమ్ క్రీక్
9 నవంబరు 1971

అత్తా,

ప్రభువు దయవల్ల అందరం క్షేమం. చెట్లన్నీ బోసిపోయాయి. మొన్న గురువారం కోర్టుకి వెళ్ళొచ్చాం. బండిలో తెల్లవారకముందే బయల్దేరితే, దారంతా పొగమంచులో మా గుర్రం చెవులు తప్ప ఏమీ కనిపించలేదు. కలలో వెళ్తున్నట్టుంది. ఇంకా పూర్తిగా తిరిగి రాలేదేమో అనిపిస్తోంది.

ఆ గది చాలా ఎత్తు. మాట్లాడితే మాట పైకెళ్ళి తిరిగొచ్చేటంత. మనం ఒట్టు పెట్టం కదా, చెయ్యెత్తనంటే జడ్జిగారు ఏమీ అనలేదు, "నిజమే చెప్తానని చెప్పమ్మా, చాలు" అన్నారు. మంచాయనే. ముక్కు మీద కళ్ళజోడు జారిపోతుంటే అచ్చం మన పెద్దతాతలా ఉన్నాడు.

కాసేపు ఇంటి పనుల గురించి అడిగారు. రొట్టె చేస్తావా, కుడతావా అని. చెప్పాను. తర్వాత ముందుకి వంగి, "చూడమ్మా, హైస్కూలు వద్దన్నది నీ నమ్మకమా, మీ నాన్న నమ్మకమా? నీకేం కావాలి?" అన్నారు.

ఆయన తల వెనక పొడుగాటి కిటికీ ఉంది. పొగమంచు విడిపోయి ఆకాశం కనబడింది. చేపపొలుసుల మేఘం. అంత పెద్దది నేనెప్పుడూ చూడలేదు. దాని అంచు మెల్లగా కరిగి ఇంకో ఆకారంలోకి మారుతోంది. నేను చూస్తూనే ఉన్నాను.

ప్రశ్న వినబడలేదని అనుకోకు. వినబడింది. మళ్ళీ అడిగారు, అదీ వినబడింది. కానీ అత్తా, "నీకేం కావాలి" అని మన ఇళ్ళల్లో ఎవరడుగుతారు? బల్ల దగ్గర రొట్టె కావాలన్నా అడగం. పక్కవాళ్ళకి అందిస్తాం, అదే తిరుగుతూ తిరుగుతూ మన దగ్గరకొస్తుంది. ఆ ప్రశ్నకి జవాబెలా చెప్పాలో నాకెవరూ నేర్పలేదు. బడి కావాలంటే నాన్నని మళ్ళీ ఆ నీళ్ళ కాఫీ దగ్గరికి పంపినట్టవుతుంది. వద్దంటే అబద్ధమవుతుంది. నిజమే చెప్తానని అప్పుడే కదా చెప్పాను!

చివరికి జడ్జిగారు, "సాక్షి జవాబు చెప్పలేదని రాసుకోండి" అన్నారు. రాసుకున్నారు. దిగిపొమ్మన్నారు.

వచ్చేటప్పుడు ఊరు దగ్గరపడ్డాక నాన్న, "చలేస్తోందా?" అని తన కోటు తీసి నామీద కప్పారు.

ఉంటాను,
సవిల్లా

*

చికాగో
20 నవంబరు 1971

సవిల్లా,

పేపర్లో మీ కేసు గురించి చదివాను. నీ ఉత్తరం కన్నా పేపరే ముందొచ్చింది. మీ వకీలు హాల్‌స్టెడ్ ఏమన్నాడో తెలుసా? "ఆ చిన్నారి మౌనమే ఆమె విశ్వాసం. వెయ్యి మాటల్లో చెప్పలేనిది ఒక్క మౌనంలో చెప్పింది" అట! చదివి ఒంటికాలి మీద లేచాను. కాఫీ ఒలికి పేపరంతా తడిసింది.

మౌనమా? అది భయం తల్లీ. నాకు తెలియదా? ఆ ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని. ఎదురుగా మా అన్నయ్య టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే నీకు నోరెలా వస్తుంది? కిటికీ, మేఘం అని నువ్వేదేదో రాశావు. నన్ను ఓదార్చడానికని తెలుసు. జైల్లో పెట్టాల్సింది వాణ్ణి కాదు, నీ నోటికి తాళం వేసినవాణ్ణి అనుకున్నాను, తర్వాత ఇద్దరూ ఒకడేనని గుర్తొచ్చి ఏడ్చాను.

ఊరుకోలేక నిన్న వాడికి ఉత్తరం రాశాను. ఇరవై ఏళ్ళలో మొదటిసారి. "నీ కూతురు డాక్టరవుదామనుకుంటే గొంతు నొక్కావు" అని రాశాను. తల వాచేలా చివాట్లు పెట్టాను. నువ్వేం భయపడకు. నీ తరఫున నేనున్నాను.

ఇప్పుడు విస్కాన్సిన్‌లో మనవాళ్ళ కేసు ఒకటి వాషింగ్టన్ పెద్దకోర్టు దాకా వెళ్ళింది. సరిగ్గా ఇదే గొడవ. అక్కడ ఏం తేలిస్తే అదే మీకూ. ఎక్కడో ఎవరింటి పిల్లల గురించో ఎవరో చెప్పే మాటకి నీ బతుకు కట్టేసి ఉంది చూడు. ఆ మాట నీ వైపు ఉండాలని మొక్కుకుంటున్నాను. నాకు మొక్కడం అలవాటు తప్పింది, ఐనా.

మీ అత్త

*

ప్లమ్ క్రీక్
16 జనవరి 1972

సలోమా అత్తకి,

కంచెలు మునిగేంత మంచు. గేటు తియ్యకుండా దానిమీంచే నడిచి వెళ్తున్నాం. ఊరంతా తెల్లటి నిద్రలో ఉంది. మాట్లాడితే పొగ వస్తుంది కానీ చప్పుడు రాదు.

నీ ఉత్తరం చదివి ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. నేను డాక్టరు కావాలని ఎప్పుడు రాశాను అత్తా? కోడిని కోస్తుంటేనే కళ్ళు మూసుకుంటాను. మేఘాలని రాశాను. అంతే రాశాను.

ఒక రాత్రి కలొచ్చింది. ఆ కోర్టు గదిలో మంచు పడుతోంది. మోకాళ్ళ దాకా. జడ్జిగారు, వకీలు గారు, నువ్వు, అందరూ వంగి మంచులో వెతుకుతున్నారు. "ఏం పోయింది?" అంటే, "నీ జవాబు" అన్నారు. ఒక్కొక్కరూ ఒక్కొక్క గుప్పెడు మంచు తీసి, "ఇదిగో, దొరికింది!" అని నాకు చూపిస్తున్నారు. చేతుల్లోనే కరిగిపోతోంది. నాన్న ఒక్కరే వెతక్కుండా గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. లేచేసరికి దుప్పటి కింద పడి ఉంది, కాళ్ళు గడ్డకట్టాయి.

వకీలు గారు క్రిస్మస్ ముందు వచ్చి మా అమ్మ చేసిన బిస్కట్లు ఖాళీ చేసి వెళ్ళారు. నా మౌనం గురించి వాదనలో ఒక పేజీ రాశారట, చాలా గొప్పగా వచ్చిందట. "నేను ఏమీ అనలేదండీ" అన్నాను. "అదే కదమ్మా, అదే!" అని నా భుజం తట్టారు. ఇక ఆయనతో ఏం చెప్పను? మా జడ్జిగారు మాత్రం వాషింగ్టన్‌లో సంగతి తేలేదాకా కేసు పక్కన పెట్టారు. అంతవరకు నన్నెవరూ బడికి లాక్కెళ్ళరు, నాన్ననెవరూ జైలుకి లాక్కెళ్ళరు.

నువ్వు నాన్నకి రాసిన ఉత్తరం వచ్చింది. పొయ్యి పక్కన కూర్చుని చదివారు. మొహం ఎర్రబడింది. కోపమేమో అనుకున్నాను. లేచి పశువుల కొట్టంలోకి వెళ్ళి, అప్పటికే శుభ్రం చేసిన కొట్టాన్ని మళ్ళీ శుభ్రం చేశారు. అమ్మ, "మీ అత్తకి నాలుక మరీ పదును" అంది. కానీ ఆ రాత్రి గుమ్మడికాయ పై చేసినప్పుడు, "సలోమాకి ఇది ఇష్టం" అని ఒక ముక్క పక్కన పెట్టింది. ఎవరికని పెట్టిందో! పొద్దున్న నేనే తినేశాను.

నాన్నని తిట్టకు అత్తా. నా నోటికి తాళం ఎవరూ వెయ్యలేదు. తాళంచెవి ఎక్కడుందో నాకే తెలీదు.

సవిల్లా

*

చికాగో
17 మే 1972

సవిల్లా తల్లీ,

తేలిపోయింది. సోమవారం తీర్పు చెప్పారు. పెద్దకోర్టు జడ్జీలు — తొమ్మిది కుర్చీలుంటే ఏడుగురే కూర్చున్నారట — అందరూ విస్కాన్సిన్ మనవాళ్ళ పక్షమే. ఎనిమిదో తరగతి తర్వాత బడికి పంపమని మీ తల్లిదండ్రుల్ని ప్రభుత్వం బలవంతపెట్టకూడదు, అది వాళ్ళ మతం, వాళ్ళ పెంపకం, వాళ్ళ హక్కు అన్నారు. మా ఆఫీసులో అందరూ, "మీవాళ్ళు గెలిచారుగా!" అని నన్ను అభినందిస్తున్నారు. డొలోరెస్ కేకు కూడా తెచ్చింది. నేను బాత్రూములోకెళ్ళి తలుపేసుకున్నాను.

మీ నాన్న గెలిచాడు. నువ్వు ఓడిపోయావు తల్లీ.

కానీ ఒక్క మాట. ఆ ఏడుగురిలో ఒకాయన సగమే ఒప్పుకుని విడిగా రాశాడు. ఇంతకీ ఆ పిల్లల్ని ఎవరైనా అడిగారా, బతకబోయేది వాళ్ళు కదా అని. పేపర్లో చిన్న అక్షరాలతో వేశారు. అది చదివి వైర్లు తప్పుగా గుచ్చేశాను. ఎవరో ముసలావిడ మనవడికి ఫోన్ చేస్తే చేపల కొట్టుకి కలిపాను. పాపం, వాళ్ళిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు.

ఒక్కడి మాట చట్టం కాదు. చట్టమయ్యేది ఎక్కువమంది మాటే. కానీ వాళ్ళ పద్ధతిలో ఒక మంచి ఉంది: ఓడిపోయిన మాటని పారెయ్యరు, అదే పుస్తకంలో కుట్టి ఉంచుతారు. ఎప్పుడో ఎవరికో పనికొస్తుందని. నీకు పనికిరాదు కాబోలు. వచ్చే ఫిబ్రవరికి నీకు పదహారు నిండుతాయి, ఆ తర్వాత ఏ చట్టమూ నీ ఊసెత్తదు.

నన్ను క్షమించు. నా వల్ల ఏమీ కాలేదు.

మీ అత్త సలోమా

*

ప్లమ్ క్రీక్
25 జూన్ 1972, ఆదివారం

అత్తా,

ప్రభువు పేరిట పలకరింపులు. ఎండుగడ్డి కోతలు. ఊరంతా ఆ వాసనే. పడుకుంటే దిండులో కూడా అదే.

నాన్న గెలిచారని రాశావు. ఇంట్లో ఎవరూ గెలిచినట్టు లేరు. వకీలు గారు హారన్ మోగించుకుంటూ వచ్చి చెప్తే, బిషప్ గారు, "మనం కోర్టుకెక్కి గెలిచినవాళ్ళలో చేరామన్నమాట" అని, అదేదో జబ్బు పేరు చెప్పినట్టు చెప్పారు. నాన్న, "మంచిది" అన్నారు. పొలానికెళ్ళిపోయారు.

నిన్నటి సంగతి చెప్తాను. సాయంత్రం ఎండు గడ్డి పోగేస్తున్నాం. నాన్న గుర్రాల్ని తోలుతున్నారు, నేను వెనక. పొలం మధ్యలో ఉన్నట్టుండి ఆపేశారు. గుర్రాలకి కూడా ఆశ్చర్యమేసింది. వెనక్కి తిరక్కుండానే, "ఆ రోజు జడ్జి నిన్నొకటి అడిగాడు కదా" అన్నారు.

"అవును నాన్నా."

"నువ్వేం అనుకున్నావో ఆయనకి కావాలి. వకీలుకి కావాలి. మీ అత్తకి మరీ కావాలి. నేను మాత్రం అడగలేదు."

నేను చేతిలో గడ్డి కింద పెట్టాను.

"వాళ్ళు అటు నుంచి లాగుతుంటే ఎలా అడుగుతానే? నేను పట్టు వదిలితే ఎగరేసుకుపోతారని. ఇప్పుడు లాగేవాడు లేడు. అందుకని అడుగుతున్నాను. నీకేం కావాలి?"

చుట్టూ ఎవరూ లేరు అత్తా. రాసుకునేవాళ్ళు లేరు. గుర్రాలు ఈగల్ని తోలుకుంటున్నాయి. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"చదువుకోవాలనుంది నాన్నా. డాక్టరు చదువు కాదు. ఆకాశం గురించి. మళ్ళీ ఇంటికొస్తానో రానో తెలీదు. రావాలని కూడా ఉంది. రెండూ ఉన్నాయి."

నాన్న చాలాసేపు అలాగే నిలబడ్డారు. వీపు మాత్రమే కనిపించింది. చొక్కా చెమటకి తడిసి అంటుకుపోయింది. తర్వాత గుర్రాల్ని అదిలించారు. పొద్దు గూకేదాకా గడ్డి పోగేశాం.

ఔననలేదు, కాదనలేదు. అర్థమేంటని నన్నడగకు. మౌనాన్ని ఎవరికి తోచినట్టు వాళ్ళు చదువుకుంటే ఏమవుతుందో చూశాను కదా. నేను చదవను. ఎదురుచూస్తాను.

నీ
సవిల్లా

*

ప్లమ్ క్రీక్
20 ఆగస్టు 1972

సలోమాకి,

ప్రభువు శాంతి నీకు కలుగుగాక. ఇక్కడ వానలు సరిపోయాయి. మొక్కజొన్న ఎత్తుగా ఉంది. నాకు ఉత్తరాలు రాయడం రాదు. నువ్వు రాసిన దానికి జవాబు ఆలస్యమైంది.

సవిల్లా వచ్చే సోమవారం రైలుకి వస్తోంది. నీ దగ్గరుండి అక్కడ బడిలో చేరుతుంది. మీ వదిన లీనా పొద్దున్నించి ఏడుస్తూ దాని బట్టలు మడతపెడుతోంది. మడతపెట్టినవే మళ్ళీ విప్పి మడతపెడుతోంది. నేను ఏడవలేదని నువ్వనుకోవద్దు.

బిషప్ దగ్గరికి వెళ్ళాను. సంతోషించలేదు. "బాప్తిస్మం పుచ్చుకోని పిల్ల, వెలి లేదు, తలుపు తీసే ఉంటుంది" అన్నాడు. జనం నాలుగు రకాలుగా అనుకుంటారు. "అందుకేనా జైలుకెళ్ళింది?" అని అప్పుడే ఒకడు అడిగాడు. అందుకే వెళ్ళానన్నాను. దాన్ని ఎవడో పోలీసు బండెక్కించి తీసుకెళ్ళడం వేరు, నేను స్టేషనుకి తోలుకెళ్ళడం వేరు. వాడికి తేడా తెలియలేదు. నీకైనా తెలుస్తుందని రాస్తున్నాను.

వాషింగ్టన్ వాళ్ళు నా కూతురి సంగతి నా ఇష్టమన్నారు. అంతవరకు అది నా ఇష్టమని నాకూ తెలీదు. నాకు మా నాన్న ఇష్టం తెలుసు, సంఘం ఇష్టం తెలుసు. ఏడుగురు పెద్దమనుషులు నా ఇష్టాన్ని తెచ్చి చేతిలో పెట్టాక, దాంతో ఏం చెయ్యాలో ఎండాకాలమంతా ఆలోచించాను. ఉంచుకోవడం నా చేతిలో ఉన్నప్పుడు పంపడం కూడా నా చేతిలోనే ఉంటుంది కదా.

దాని గొంతు నొక్కానని రాశావు. ఆ రోజు కోర్టులో నేనూ ఉన్నాను. అది కిటికీ వైపు చూసింది. నీకు భయం కనిపించింది, వకీలుకి భక్తి కనిపించింది. నేను దాని తండ్రిని సలోమా. నడక రాకముందే పైకి చూసి పడిపోయే పిల్ల. అది ఏం చూస్తోందో నాకు ఆ క్షణమే తెలుసు. తెలిసే ఇంటికి తీసుకొచ్చాను, అప్పుడు ఇంకేం చెయ్యాలో తెలియక.

దానికి మీగడ పడదు, గొంతు పట్టేస్తుంది. రాత్రి ఒంటరిగా పడుకోలేదు, కొన్నాళ్ళు నీ గదిలో పడుకోనివ్వు.

నువ్వు వెళ్ళిపోయిన రోజు నీకేం కావాలని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. దీన్ని మాత్రం, రైలు దిగగానే నీకేం కావాలని అడుగు. జవాబు నువ్వు చెప్పకు.

నీ అన్న,
ఎనోస్